గీతకు ఇవతల ఒకరు, అవతల ఒకరు

2020 మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి జాతినుద్దేశించి మాట్లాడుతూ, ఎవరి గుమ్మం ముందు వారికి ఒక లక్ష్మణరేఖ గీసి ఉందనుకొమ్మన్నారు. ఉపమానం మా ప్రాంతానికి కొత్తది కాదు. భద్రాచలానికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డునే పర్ణశాల ఉంది. సీతారాములు వనవాసంలో కాపురమున్నది అక్కడేనని, రావణుడు సీతమ్మను ఎత్తుకుపోయింది అక్కడి నుంచేనని మావైపు నమ్మకం. వాల్మీకి రామాయణంలో కనిపించని ఆ గీత మన రంగనాథ రామాయణంలో కనిపిస్తుంది. కనుక ఆ రాత్రి ఆ మాట విన్నప్పుడు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

అయితే ఒక సంగతి ఆ రోజున ఎవరికీ తోచినట్టు లేదు. నాకూ తోచలేదు. లక్ష్మణుడు గీత గీసే వేళకు రాముడు ఇంట్లో లేడు, అడవిలో ఉన్నాడు. గీత గీసింది సీతను కాపాడడానికే, సందేహం లేదు. కాని అది పడినది మాత్రం భార్యకూ భర్తకూ నడుమ. ఇంటివారందరూ లోపలే ఉన్నప్పుడు గుమ్మం ముందు గీత రక్షణ. ఒకరు అడవికి అవతల ఉండిపోయినప్పుడు అదే గీత ఎడబాటు. ఆ ఏడాది ఖమ్మం, భద్రాచలం అడవి అంచున జరిగినది ఈ రెండోది. దాన్ని గురించి మనం చేయవలసినంత ఆలోచన చేయలేదన్నది నా అభిప్రాయం.

మొదట ఆ అంచు ఎటువంటిదో చెప్పాలి. ఎరగనివారికి రాష్ట్ర సరిహద్దు అంటే ఒక నది, లేదా ఒక కొండ, లేదా కనీసం ఒక తోరణం మనసులో మెదులుతుంది. భద్రాచలం దగ్గర అవేమీ ఉండవు. ఊరు తెలంగాణది. ఊరిని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌ది. భద్రాచలం నుంచి పర్ణశాలకు, అంటే తెలంగాణ నుంచి తెలంగాణకు, వెళ్లే రోడ్డు మధ్యలో ఆంధ్ర గ్రామాల మీదుగా పోతుంది. భద్రాచలంలో బస్సెక్కి చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కుంటకు వెళితే సుమారు డెబ్బై కిలోమీటర్ల ప్రయాణంలో మూడు రాష్ట్రాలు చూసినట్టవుతుంది. బీజాపూర్ జిల్లాలోని పామేడుకు ఏళ్ల తరబడి తన జిల్లా కేంద్రం నుంచి సరైన రోడ్డు లేక, అధికారులు సైతం మన చర్ల మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేవారు.

ఈ గీతలకు వయసు కూడా ఎక్కువేమీ లేదు. నిజాం పాలనలో ఉన్న భద్రాచలం ప్రాంతం 1860లో ఆంగ్లేయుల చేతికి వెళ్లి మధ్యపరగణాలలో చేరింది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1959లో తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2000 నవంబరులో అవతలి పక్క మధ్యప్రదేశ్ పోయి ఛత్తీస్‌గఢ్ వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరున ఏడు మండలాలు ఆంధ్రకు వెళ్లాయి. వాటిలో భద్రాచలం మండలం భద్రాచలం ఊరు మినహా వెళ్లగా, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు ఇటే మిగిలాయి. 2016 అక్టోబరులో ఖమ్మం చీలి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో అటు వెళ్లిన చింతూరు, ఎటపాక, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు మరో కొత్త జిల్లాలో చేరాయి. ఇల్లు కదలకుండానే ఒక కోయ ముసలవ్వ తన జీవితంలో ఇన్ని చిరునామాలు మార్చుకున్నది. అడవి మనుషులను సంచారులని అంటాము గాని, ఇక్కడ వారికంటే సరిహద్దులే ఎక్కువ సంచారం చేశాయి.

ఆ గీతలకంటె పాతవి అక్కడి పెళ్లిళ్లు. కోయలలో గట్టులని ఉంటాయి: మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు, ఇలాగ. ఒకే గట్టువారు అన్నదమ్ముల వరుస. పిల్లను ఇచ్చినా తెచ్చుకున్నా మరో గట్టుతోనే. అంటే ఈ సమాజంలో పెళ్లి అనేది తన వారిని దాటి వెళ్లడంతోనే మొదలవుతుంది. కోయలు ఖమ్మం, గోదావరి మన్యాలలోనూ, బస్తరులోనూ, ఒడిశాలోని మల్కనగిరిలోనూ ఉన్నారు. కుంట ప్రాంతపు దోర్లలు మాట్లాడేది కోయ భాషే. పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, అత్తిల్లు మరో రాష్ట్రంలో ఉండడం అక్కడ విశేషం కాదు, మామూలు.

దీనికి తోడు 2005 తరువాత వచ్చిన వారున్నారు. ఆ ఏడాది బస్తరులో సల్వాజుడుం మొదలై, మావోయిస్టులకూ దానికీ నడుమ ఊళ్లకు ఊళ్లు చెదిరిపోయినప్పుడు, అనేక కుటుంబాలు అడవి దాటి ఇటు వచ్చి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ సాయుధ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమన్నది. కాని వచ్చినవారు చాలామంది ఇక్కడే ఉండిపోయారు. వారిని మనం గొత్తికోయలు అంటున్నాము. షెడ్యూల్డ్ తెగ గుర్తింపు రాష్ట్రం దాటి వెంట రాదు కనుక అక్కడ ఆదివాసి అయిన మనిషి ఇక్కడ కాగితం మీద ఏమీ కాడు. అటు ఊరికి పూర్తిగా తిరిగి పోలేదు, ఇటు ఊరు పూర్తిగా దొరకలేదు. తల్లిదండ్రులు అక్కడ, పిల్లలు ఇక్కడ. కర్మకు, పండుగకు, విత్తనానికి అటు నడవడం, కూలికి ఇటు నడవడం. ఇది సరదా సంచారం కాదు, బతుకు రెండు ముక్కలుగా ఉన్నందువల్ల తప్పనిసరి అయిన సంచారం.

మూడోవారు రుతువును బట్టి వచ్చేవారు. గోదావరి ఒడ్డు నల్లరేగడిలో మిరప పండుతుంది. కోతలు మాఘ ఫాల్గుణాలలో ఊపందుకొని ఎండలు ముదిరేదాకా సాగుతాయి. మిరప చేను ఒక్కసారి కోసి ముగించేది కాదు. పండిన కాయను పండినట్టు విడతలు విడతలుగా ఏరాలి, కల్లంలో ఎండబెట్టాలి. దానికి చాలా చేతులు కావాలి. ఆ చేతులు ఏటా సుకుమా, బీజాపూర్ వైపు నుంచి ముఠాలుగా వస్తాయి. కొన్నిచోట్ల కూలి డబ్బుగా కాక మిరపకాయలుగానే ముడుతుంది. మనం ఏడాది పొడుగునా తినే పచ్చడిలోని ఎరుపు వారి చేతుల మీదుగా వచ్చినదే.

ఇక్కడ ఒక చిక్కున్నది, నేను చెప్పదలచుకున్న విషయానికి అదే కీలకం. మిరప కోతల వేళకే అక్కడ అడవిలో ఇప్పపువ్వు రాలుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పువ్వును ఆ పూటే ఏరుకోవాలి, లేకపోతే పశువుల పాలు. దాని వెనుకే తునికాకు వస్తుంది. ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులు తగిలే కాలం అదొక్కటే, అదీ రెండు చోట్ల ఒకేసారి. అందుచేత ఆలుమగలలో ఒకరు మిరపకు వస్తే మరొకరు ఇప్పకు ఉండిపోవడం రివాజు. నడుమ ఏ సంతరోజుననో, ఏ పండుగకో ఒకరు నడిచి రెండో వారిని చూసిపోతారు. ఆ సంసారం నడిచేది అలాగ. నడక ఆగితే సంసారం ఆగినట్టే.

సరిగ్గా ఆ కాలంలోనే 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ వచ్చింది. ఆ సాయంత్రమే తెలంగాణ లాక్‌డౌన్ ప్రకటించి సరిహద్దులు మూసింది. 25 నుంచి దేశమంతా మూతపడింది. 29న కేంద్ర హోంశాఖ రాష్ట్రాల, జిల్లాల సరిహద్దులను గట్టిగా మూసి, వలస కూలీల కదలికను ఆపమని రాష్ట్రాలను ఆదేశించింది. దానికి రెండు రోజుల ముందు, 27న, అదే శాఖ కొన్ని సడలింపులు ఇచ్చింది. పొలం పనులకు అనుమతి లభించింది. కోత యంత్రాలు, విత్తే యంత్రాలు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లవచ్చునన్నారు. మంచిదే, పంట చేలో ఎండిపోకూడదు. కాని ఈ రెండు ఉత్తర్వులను పక్కపక్కన పెట్టి చదవండి. కోసే యంత్రానికి సరిహద్దు తెరుచుకున్నది. కోసే చేతికి మూసుకున్నది. మిరపకు యంత్రం లేదు, చెయ్యే యంత్రం. చేనిలో పని చేయడానికి ఆ చేతికి అనుమతి ఉన్నది, చేను అయిపోయాక ఇంటికి వెళ్లడానికి లేదు.

ఇంకొక లెక్క చూడండి. ఆ సంక్షోభంలో తెలంగాణ ప్రభుత్వం వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. దేశంలో అనేకచోట్ల అదీ లేదు కనుక ఈ పనిని మెచ్చుకోవాలి. ఇక్కడి ఆహారభద్రత కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. మొత్తాల తేడాను నేను తప్పుపట్టడం లేదు. ఆ లెక్కలోని మాటలను గమనించమంటున్నాను. కార్డు ఉన్నవారు కుటుంబం. కూలికి వచ్చినవాడు మనిషి, ఒక తల. అతనికి ఆలి ఉండవచ్చుననీ, ఆమె గీతకు అవతల ఉండవచ్చుననీ ఆ పట్టికలో నింపడానికి గడి లేదు. రేషను కార్డు రాష్ట్రం దాటి పనిచేసే ఏర్పాటు ఆంధ్ర, తెలంగాణల మధ్య 2019 ఆగస్టులోనే మొదలైంది. ఛత్తీస్‌గఢ్ అందులో చేరినది 2022 ఫిబ్రవరిలో. అంటే కావలసిన ఏడాది, కావలసిన సరిహద్దులో, అది లేదు.

ఒక జంటను ఊహించుకుందాం. ఊహ అంటున్నాను గాని ఇందులోని ముక్కలన్నీ అక్కడి రోజువారీ నిజాలే. ఆమె చర్ల మండలంలో మిరప చేలో ఉన్నది. అతను అవతల సుకుమా అడవిలో ఇప్పపువ్వు ఏరుతూ, చిన్నపిల్లలను చూసుకుంటూ ఉన్నాడు. ఊళ్లో సెల్లు పలకదు. ఆమెకు వార్త రైతు నోట తెలిసింది, బళ్లు లేవని, దారులు మూశారని. అతనికి ఎప్పుడు తెలిసిందో ఆమెకు తెలియదు. ముందు రావలసిన సంతరోజున ఆమె రాలేదు. ఎందుకు రాలేదో అతనికి తెలియదు. రోగం మాట అడవికి కూడా చేరింది. ఇటువైపు ఆమె బతికి ఉన్నదో లేదో అని అతను, అటు పిల్లలు ఎలా ఉన్నారో అని ఆమె. ఆమె ధైర్యం చేసి తనిఖీ కేంద్రానికి వెళ్లిందనుకుందాం. అడిగే ప్రశ్నలు మనకు తెలుసు. ఏ ఊరు? ఆధార్ ఏది? పాసు ఏది? ఎందుకు వెళ్లాలి? మొగుడి దగ్గరకు అంటుంది. అతను మొగుడని కాగితం ఏది? గట్టు చూసి, పెద్దలు కూర్చుని, ఊరంతా తిని, రేలపాట పాడి చేసిన పెళ్లికి కాగితం ఎక్కడిది?

2020 మే 1 నాటి కేంద్ర ఉత్తర్వు పెళ్లి వేడుకకు యాభైమంది దాకా అతిథులను అనుమతించింది. పెళ్లి చేసుకునేవారి కోసం ఒక నిబంధన రాయాలని ఎవరికో గుర్తొచ్చింది. పెళ్లయి ఇరవై ఏళ్లయినవారు ఒకచోట చేరడానికి ఒక నిబంధన రాయాలని గుర్తు రాలేదు. చిక్కుబడినవారిని రెండు రాష్ట్రాల అంగీకారంతో పంపవచ్చునని ఏప్రిల్ 29న ఉత్తర్వు వచ్చిన మాట నిజమే. మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక రైలు సుమారు 1,200 మందితో బయలుదేరింది. కాని రైలు నగరానికి అందే సాయం. భద్రాచలం రోడ్ అన్న స్టేషను ఉన్నది కొత్తగూడెంలో, అక్కడి నుంచి బస్తరుకు రైలే లేదు. జూన్ 1 నుంచి రాష్ట్రాల మధ్య రాకపోకలపై కేంద్రం ఆంక్షలు తీసివేసింది. మార్చి 22 నుంచి లెక్కవేస్తే డెబ్బై రోజులు. ఆంధ్ర, తెలంగాణల మధ్య ఆర్టీసీ బస్సులు తిరిగి మొదలైనది నవంబరులో.

ఆ డెబ్బై రోజులు ఆగలేనివారు ఏం చేశారో అందరికీ తెలుసు. రోడ్డు మూసినప్పుడు అడవి మూయలేదు. రోడ్డు మీద నీళ్లుంటాయి, ఊళ్లుంటాయి, ఆపి మందలించేవాడైనా ఒక మనిషి ఉంటాడు. అడవి దారిలో అవి లేవు. 2020 ఏప్రిల్‌లో మన మిరప చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని తమ ఊరికి ఒక చిన్న గుంపు అడవి దారిన బయలుదేరింది. వందకు పైగా కిలోమీటర్లు. మూడు రోజులు నడిచాక, ఏప్రిల్ 18న, ఇల్లు ఇంకొంచెం దూరం ఉందనగా అందులోని పన్నెండేళ్ల పాప ప్రాణం పోయింది. ఆమెకు కరోనా లేదని తరువాత పరీక్షలో తేలింది. ఇది జంట కథ కాదు, ఒక తల్లిదండ్రుల ఏకైక బిడ్డ కథ. కాని గీత గీసినవారు దారిని మాత్రమే చూసి దారిన పోయేవారిని చూడకపోతే ఏమవుతుందో ఆ పాప చెప్పి వెళ్లింది. ఆ సెప్టెంబరులో పార్లమెంటులో అడిగిన ప్రశ్నకు, దారిలో చనిపోయిన వలస కూలీల వివరాలు తమ వద్ద లేవని కేంద్ర కార్మికశాఖ జవాబిచ్చింది. చనిపోయినవారికే లెక్క లేనప్పుడు విడిపోయి బతికి ఉన్నవారి లెక్క ఎవరు రాస్తారు?

ఇక్కడ ఎదుటి వాదాన్ని కూడా న్యాయంగా చెప్పాలి. సరిహద్దులు మూసిన వార్త చదివిన రోజున నేనూ ఊపిరి పీల్చుకున్నాను. రోగం కొత్తది, మందు లేదు, ఆసుపత్రులు చాలవు. అడవిలోని గూడేనికి వ్యాధి చేరితే దిక్కెవరు? ఆ మాటకొస్తే అనేక ఆదివాసీ గ్రామాలు, ఇటూ అటూ కూడా, ప్రభుత్వం చెప్పకముందే తమ ఊరి దారికి అడ్డంగా కర్రలు కట్టుకున్నాయి. మరి వారు మూస్తే వివేకం, ప్రభుత్వం మూస్తే అన్యాయమా అని ఎవరైనా అడగవచ్చు.

మూయడం అన్యాయమని నేను అనడం లేదు. రెండు మూతలకూ తేడా ఉన్నదంటున్నాను. గూడెం వారు కట్టిన కర్ర దగ్గర నిలబడినవాడికి వచ్చే మనిషి ఎవరో తెలుసు. ఫలానావాడి భార్య, ఫలానా ఇంటి కోడలు. ఆమెను ఊరి బయట పాకలో కొన్నాళ్లు ఉంచి, దూరం నుంచి గంజి పోసి, తరువాత లోపలికి రానివ్వగలరు. అది తలుపు. ప్రభుత్వం కట్టినది గోడ. దాని దగ్గర నిలబడినవాడికి వచ్చిన మనిషి ఎవరో తెలియదు, తెలుసుకొనే అధికారమూ లేదు. పద్నాలుగు రోజులు విడిగా ఉంచి పంపడం రోగానికి విరుగుడు. అసలు పంపకపోవడం రోగానికి విరుగుడు కాదు, పనిభారానికి విరుగుడు. ఎవరి పనిభారమో చెప్పనక్కరలేదు.

ఈ ఎడబాటు అడవిలోనివారికి మాత్రమే వచ్చిందా అంటే, లేదు. మన తెలుగు ఇళ్లలోకీ వచ్చింది. ఆ మార్చిలో వీసా ముద్ర కోసమో, ఇంట్లో శుభకార్యానికో వచ్చి ఇక్కడ చిక్కుబడిన అమెరికా ఉద్యోగుల కుటుంబాలు ఎన్నో. రాయబార కార్యాలయాలు మూసుకున్నాయి. జూన్ 22న ఆ దేశాధ్యక్షుడు హెచ్1బీ, హెచ్4 వీసాల మీద నిషేధం ప్రకటించారు. భర్త డాలస్‌లో, భార్యాబిడ్డలు హైదరాబాదులో. వారి బాధ చిన్నదని నేను అనను. కాని వారికి పత్రికలు ఉన్నాయి, వకీళ్లు ఉన్నారు, దావాలు పడ్డాయి. రెండు నెలలు తిరగకముందే, అక్కడ ఉన్నవారి జీవిత భాగస్వాములకు మినహాయింపులు కాగితం మీదికి వచ్చాయి. దొరకడం కష్టమైనా, అడగడానికి ఒక మాట అంటూ ఏర్పడింది.

ఐరోపాలో మరో ఉద్యమం నడిచింది. వేర్వేరు దేశాల వారై, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న జంటలు, ప్రేమ అంటే పర్యాటకం కాదు అన్న నినాదంతో ప్రభుత్వాలను నిలదీశారు. ఆ వేసవిలోనే డెన్మార్క్, ఆగస్టు 10 నుంచి జర్మనీ వారికి దారి ఇచ్చాయి. పెళ్లి కాగితం అడగలేదు. తామిద్దరం జంటమని సంతకం చేసిన పత్రం, ఇంతకు ముందు ముఖాముఖి కలిసి ఉన్నట్టు ఏదో ఒక ఆధారం చాలునన్నాయి. అంటే కాగితం లేని జంటను కూడా జంటగా గుర్తించడం అసాధ్యం కాదు. ప్రభుత్వం తలచుకుంటే సాధ్యమే.

మన దగ్గర కూడా తలచుకున్న సందర్భం ఉన్నది. 2021 మే నెలలో రెండో ఉధృతి వేళ ఆంధ్ర నుంచి హైదరాబాదుకు వచ్చే అంబులెన్సులను సరిహద్దులో ఆపారు. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. రోజుల వ్యవధిలో తలుపు తెరుచుకున్నది. తెరవడానికి కావలసినది కొత్త చట్టం కాదు, అడిగే గొంతు. గోదావరి ఒడ్డు మిరప చేలో ఉన్న ఆమెకు ఆ గొంతు లేదు, ఉన్నా ఆమె భాష మన కార్యాలయాలకు రాదు.

నడిచి బతికేవారిని అనుమానించడం మన పాలనకు పాత అలవాటు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం సంచార కులాలను పుట్టుకతోనే దొంగలుగా జమకట్టింది. ఆ చట్టం పేరు మీదనే ఎరుకలవారిని స్టువర్టుపురం వంటి చోట్ల కట్టడిలో పెట్టారు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలన్నారు. 1952లో చట్టం పోయింది. చూపు పూర్తిగా పోలేదు. ఒకచోట ఉండేవాడు పౌరుడు, కదిలేవాడు అనుమానితుడు అన్న భావం ప్రతి సంక్షోభంలోనూ తిరిగి తలెత్తుతుంది. చిరునామా ఉన్నవాడి కుటుంబమే కుటుంబంగా లెక్కకు వస్తుంది.

మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు సరిహద్దులు మూయవలసి రావచ్చు. వరదకో, వ్యాధికో, మరొకందుకో. అప్పటికి మూడు చిన్న పనులు చేసి ఉంచుకోవాలని నా మనవి. మొదటిది, మినహాయింపుల పట్టికలో కోత యంత్రం పక్కనే ఇంకొక పంక్తి రాయాలి. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు ఒకచోట చేరడం దానికదే చాలినంత కారణమని. రోగమో చావో చూపించనక్కరలేదని.

రెండవది, రుజువు సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం కింద రాసిన నియమాలు, కాగితం లేని చోట ఊరి పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే దాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటున్నాయి. భూమి ఎవరిదో చెప్పడానికి పెద్దల మాట చాలినప్పుడు, ఆలి ఎవరో చెప్పడానికి చాలదా? 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకు గౌరవం ఇచ్చింది. ఆ గ్రామసభ రాసిన చీటీని మూడు రాష్ట్రాల తనిఖీ కేంద్రాలూ ఒప్పుకుంటే చాలు. మోసం జరుగుతుందేమో అంటారా? ఆలుమగలం అని అబద్ధమాడి నలభై డిగ్రీల ఎండలో వంద కిలోమీటర్లు నడిచేవారు ఎందరుంటారు?

మూడవది, ఆ అంచున ఉన్న కలెక్టర్లు, రాష్ట్రం ఏదైనా, మిరప కాలం మొదలు కాగానే ఒక ఉమ్మడి జాబితా ఉంచుకోవాలి. ఎవరు ఏ చేనికి వచ్చారు, వారి ఇంటివారు ఏ ఊళ్లో ఉన్నారు అని. 2020లో అమలులో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కంట్రాక్టరు ద్వారా వచ్చినవారినే లెక్కపెట్టింది. బంధువు వెంట, ముఠా వెంట నడిచి వచ్చినవారు దాని కంటికి ఆనలేదు. తలలను కాక ఇళ్లను లెక్కపెట్టే జాబితా ఒకటి కావాలి. దానికి పెద్ద ఖర్చు లేదు. తునికాకు కట్టలను ఒక్కటీ పోకుండా లెక్కపెట్టగల యంత్రాంగం మనకు ఉన్నది. మనుషులను లెక్కపెట్టడం అంతకంటె కష్టం కాదు.

ఆ ఏడాది శ్రీరామనవమి ఏప్రిల్ 2న వచ్చింది. భద్రాచలంలో ఏటా మిథిలా ప్రాంగణంలో వేలాదిమంది నడుమ జరిగే సీతారాముల కల్యాణం ఆసారి భక్తులు లేకుండా, గుడి లోపల, కొద్దిమంది సమక్షంలో జరిగింది. మనమందరం టీవీల ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాము, జనం లేని పెళ్లి చూడలేక. అదే రోజున, అదే గోదావరి ఒడ్డున, పెళ్లిళ్లు ఎప్పుడో అయిపోయిన కొందరు ఆ గుడికి కొద్ది దూరంలోనే గీతకు చెరొక పక్క కూర్చుని ఉన్నారు. వారిని చూపించే కెమెరా లేదు.

జనం లేకపోయినా కల్యాణం ఆగలేదు, ఆగకూడదన్నారు పెద్దలు. మంచిమాట. అడవిలోని సంసారం కూడా ఆగకూడనిదేనని అనుకుంటే, గీతలో ఒక తలుపు పెట్టడం మనకు అంత కష్టమయ్యేది కాదు.